నాలుగున్నర వేళ ఆకలి

సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం ఒంటిగంట ప్రాంతంలో ముగుస్తుంది. ఇంట్లో రాత్రి అన్నం పెట్టేసరికి ఎనిమిది అవుతుంది. మధ్యలో ఏడు గంటలు. ఈ ఏడు గంటల్లోనే పిల్లలు రెండో పూట పాఠాలు వింటారు, మైదానంలో పరుగెత్తుతారు, నడిచో సైకిల్ తొక్కో ఇల్లు చేరతారు. చేరేసరికి నాలుగున్నర, ఐదు. రోజు మొత్తంలో వాళ్లకు గట్టిగా ఆకలి వేసే సమయం ఇదే.

ఈ ఆకలికి చాలా ఇళ్లలో దొరికే జవాబు చాయ, బిస్కెట్. లేదంటే కిరాణా కొట్టు ముందు దండలా వేలాడే ప్యాకెట్. రెండూ పిల్లలకు ఇష్టమే. రెండూ కడుపు నింపినట్టే అనిపిస్తాయి. కానీ ఎదిగే ఒంటికి కావలసినవి వాటిలో చాలా తక్కువ.

పిల్లల తిండి మార్చాలనుకునేవాళ్లు ముందుగా ఈ ఒక్క వేళ మీద దృష్టి పెట్టడం మంచిది. మధ్యాహ్న భోజనం బడి చేతిలో ఉంటుంది. పొద్దున పూట హడావిడిలో గడిచిపోతుంది. రాత్రి పిల్లలు నిద్రమత్తులో తింటారు. సాయంత్రం మాత్రం ఆకలీ ఉంటుంది, తీరికా ఉంటుంది. కొత్త రుచి అలవాటు చేయడానికి ఇంతకన్నా అనువైన వేళ లేదు.

నారాయణపేట జిల్లాలో ఇందుకు కావలసిన సరుకు దూరం నుంచి తేనక్కర్లేదు. జొన్న, కంది, పల్లీ ఇక్కడి చేలలోనే పండుతాయి. వాటిని పిల్లలు ఇష్టపడే రూపంలోకి తేవడమే మిగిలిన పని. పిల్లలకు నచ్చడం అనేది పోషణలో చివరి విషయం కాదు, మొదటిది. ఎంత మంచి తిండైనా కంచంలోనే మిగిలిపోతే దాని వల్ల లాభం సున్నా.

ఇప్పుడే ఎందుకు?

2019 ఫిబ్రవరి 17న మహబూబ్‌నగర్ నుంచి విడిపోయి నారాయణపేట జిల్లా ఏర్పడింది. కర్ణాటకలోని రాయచూరు, యాద్గిర్ జిల్లాలు దీనికి పొరుగు. చేనేత చీరలకు పేరున్న ప్రాంతం. పనికోసం ముంబై, పుణె, బెంగళూరు వెళ్లే కుటుంబాలు ఎక్కువగా ఉన్న ప్రాంతం కూడా. అమ్మానాన్నలు వలస వెళితే పిల్లలు అవ్వ, తాతల దగ్గర ఉండిపోతారు.

రాష్ట్రం మొత్తం పరిస్థితిని 2019-20లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 33 మంది వయసుకు తగ్గ ఎత్తు పెరగలేదు. అంతకుముందు సర్వేలో ఆ సంఖ్య 28. అంటే తగ్గాల్సింది పెరిగింది. ఆరు నెలలు నిండినప్పటి నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత (రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ తక్కువగా ఉండడం) ఉంది. ఆ సర్వే నాటి పసిపిల్లలే ఇప్పుడు బడి బెంచీల మీద ఉన్నారు.

ఇంకో మార్పు రేషన్ దుకాణంలో వచ్చింది. 2025 ఉగాది రోజున హుజూర్‌నగర్‌లో సన్నబియ్యం పంపిణీ మొదలైంది. మనిషికి నెలకు ఆరు కిలోలు ఉచితం. పేద ఇంటికి ఇది పెద్ద ఆసరా. తినబుద్ధయ్యే బియ్యం కాబట్టి అన్నం మరింత నిండుగా వండుకుంటారు. దాని పక్కన ఏం ఉందన్నది వేరే ప్రశ్న. కడుపు నిండిందా అన్న చింత తగ్గినకొద్దీ, దేనితో నిండిందన్న విషయం ముఖ్యమవుతుంది.

సాయంత్రం ఆకలిని ప్రభుత్వం కూడా గుర్తించింది. అయితే అది పదో తరగతి పిల్లల విషయంలో మాత్రమే. 2025 ఫిబ్రవరి, మార్చి నెలల్లో సర్కారు బడుల్లో ప్రత్యేక తరగతులకు కూర్చున్న పిల్లలకు 38 రోజులు సాయంత్రం అల్పాహారం పెట్టాలని నిర్ణయించింది. ఒక్కొక్కరికి రోజుకు 15 రూపాయలు కేటాయించింది. ఆ జాబితాలో ఉడికించిన పెసర్లు, బొబ్బర్లు, శెనగలు ఉన్నాయి. పల్లీలు-బెల్లం, చిరుధాన్యాల బిస్కెట్లు, ఉల్లిగడ్డ పకోడి ఉన్నాయి. ఒక్క పకోడి తప్పిస్తే మంచి జాబితా. ఖాళీ కడుపుతో పరీక్షలకు చదవలేరన్నది దాని వెనుక ఆలోచన. అదే మాట మూడో తరగతి పిల్లకూ వర్తిస్తుంది. ఆమెకు పరీక్షలు లేకపోవచ్చు, కానీ ఎదుగుదల ఉంది.

బడి కంచంలో ఎంత ఉంది?

సాయంత్రం ఏం పెట్టాలో తెలియాలంటే మధ్యాహ్నం ఏం అందిందో చూడాలి. మధ్యాహ్న భోజన పథకం నిబంధన ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె ఇవ్వాలి. ఇవన్నీ కలిసి 450 కేలరీల శక్తి, 12 గ్రాముల ప్రొటీన్ (కండరాలు, కణాలు కట్టడానికి వాడే మాంసకృత్తులు) అందించాలి. ఆరు నుంచి ఎనిమిది వరకు ఇవి 700 కేలరీలు, 20 గ్రాములు. తెలంగాణలో వారానికి మూడు గుడ్లు అదనం. తొమ్మిది, పది తరగతులకు రాష్ట్రం తన ఖర్చుతో పెడుతుంది.

ఇప్పుడు అవసరం చూద్దాం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు రోజుకు 1,700 కేలరీలు, 23 గ్రాముల ప్రొటీన్, 15 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. బడి భోజనం శక్తిలో పావు వంతు, ప్రొటీన్‌లో సగం ఇస్తోంది. అది తక్కువ సాయం కాదు. మిగిలిన ముప్పావు శక్తి మాత్రం ఇంటి నుంచే రావాలి.

ఇనుము దగ్గర లెక్క ఇంకా బిగుసుకుంటుంది. 100 గ్రాముల మామూలు తెల్ల బియ్యంలో ఇనుము 0.65 మిల్లీగ్రాములే. 20 గ్రాముల కందిపప్పు మరో 0.8 ఇస్తుంది. రెండూ కలిసి ఒకటిన్నర మిల్లీగ్రాములు. ఈ లోటు పూడ్చడానికే బడులకు ఇనుము కలిపిన బలవర్ధక బియ్యం ఇవ్వడం మొదలుపెట్టారు. అది అందితే మరో మూడు, నాలుగు మిల్లీగ్రాములు చేరతాయి. అయినా 15కు దూరమే.

పది దాటిన ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పాలి. పది నుంచి పన్నెండేళ్ల మగపిల్లలకు రోజుకు 16 మిల్లీగ్రాముల ఇనుము చాలు. అదే వయసు ఆడపిల్లకు 28 కావాలి. ఎత్తు వేగంగా పెరగడం, నెలసరి మొదలవడం ఇందుకు కారణాలు. ఇంట్లో గుడ్డు ఒక్కటే ఉంటే ఎవరి కంచంలో వేయాలన్న ప్రశ్నకు ఈ అంకెలు జవాబు చెబుతాయి.

ప్యాకెట్ ఎందుకు గెలుస్తుంది?

పిల్లలు ప్యాకెట్ కోసం ఏడుస్తారని తిట్టుకునే ముందు అది ఎలా తయారవుతుందో తెలుసుకోవాలి. మక్కపిండిని కొద్దిగా తడిపి యంత్రంలో వేస్తారు. అక్కడ వేడి, ఒత్తిడి రెండూ ఎక్కువ. పిండి సన్నని రంధ్రంలోంచి బయటికి రాగానే లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై పిండిని ఉబ్బిస్తుంది. ఆ ఉబ్బిన ముక్కల మీద నూనె, ఉప్పు, మసాలా పొడి చల్లుతారు. నోట్లో వేసుకుంటే కరకరలాడుతుంది. వెంటనే కరిగిపోతుంది.

ఆ కరిగిపోవడంలోనే కిటుకు ఉంది. మనం నమిలే సమయం, కడుపులో చేరిన బరువు, ఈ రెండింటి ఆధారంగా మెదడుకు తృప్తి సంకేతం వెళుతుంది. నమలకుండానే కరిగిపోయే తిండికి ఆ సంకేతం ఆలస్యంగా అందుతుంది. అందుకే చెయ్యి ఆగదు. మరోవైపు ఉప్పు, నూనె, కరకర మూడూ కలిసిన రుచి ఏ వయసువాళ్లకైనా నచ్చేదే. ఆలుగడ్డ చిప్స్‌లో బరువులో దాదాపు మూడో వంతు నూనెనే ఉంటుంది. చిన్న ప్యాకెట్ మొత్తం తిన్నా అందే ప్రొటీన్ రెండు గ్రాములు దాటదు.

గెలుపుకు ఇంకా మూడు కారణాలున్నాయి. అది ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. దాన్ని పిల్లలు తామే ఎంచుకుంటారు. స్నేహితులతో పంచుకుంటూ తింటారు. అంటే ప్యాకెట్‌లో ఉన్నది రుచి ఒక్కటే కాదు. కరకర, ఉప్పు-పులుపు, తయారుగా ఉండడం, సొంత ఎంపిక, తోడు. ఈ ఐదింటినీ ఇంటి తిండికి తేగలిగితే పోటీ సమానం అవుతుంది. ఉప్పు మితిమీరకపోతే వీటిలో పిల్లలకు హాని చేసేది ఒక్కటీ లేదు.

ఊరి పంటలో ఏముంది?

జాతీయ పోషకాహార సంస్థ 2017లో మన ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలు అచ్చువేసింది. దాని ప్రకారం 100 గ్రాముల జొన్నలో ప్రొటీన్ దాదాపు 10 గ్రాములు, ఇనుము 4 మిల్లీగ్రాముల దగ్గర, పీచు 10 గ్రాములు. బియ్యంలో ప్రొటీన్ 8, పీచు 3 లోపు. సజ్జలో ఇనుము 6.4 మిల్లీగ్రాములు. రాగిలో కాల్షియం 364 మిల్లీగ్రాములు, బియ్యంలో పది కూడా ఉండదు. కందిపప్పులో ప్రొటీన్ 21 గ్రాముల పైన, పల్లీలో 23 గ్రాముల పైన.

జొన్న, కంది జత ఎందుకు మంచిదో కూడా చూడాలి. ప్రొటీన్ అమైనో ఆమ్లాలు (ప్రొటీన్‌ను కట్టే చిన్న ముక్కలు) చేరి తయారవుతుంది. వాటిలో కొన్నింటిని మన ఒళ్లు తయారు చేసుకోలేదు. లైసిన్ అనే ముక్క జొన్నలో బాగా తక్కువ, పప్పుల్లో ఎక్కువ. మిథియోనిన్ అనేది పప్పుల్లో తక్కువ, ధాన్యంలో ఉంటుంది. రెండూ కలిపి తింటే ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది. జొన్నచేలో కంది సాళ్లు వేసే రైతు ఎరిగిన జతే ఇది. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ నేలకు పొరుగునే నారాయణపేట ఉంది.

పల్లీకి ఉన్న మేలు వేరు. పిల్లల కడుపు చిన్నది. ఒక్కసారి ఎక్కువ తినలేరు. కాబట్టి కొద్దిలో ఎక్కువ శక్తి ఉండే తిండి కావాలి. 30 గ్రాముల పల్లీలు, అంటే చిన్న గుప్పెడు, దాదాపు 160 కేలరీలు, 7 గ్రాముల ప్రొటీన్ ఇస్తాయి. అంత ప్రొటీన్ ఒక గుడ్డులో ఉంటుంది. కిలో 150 రూపాయలు అనుకున్నా ఆ గుప్పెడు ఖరీదు నాలుగున్నర రూపాయలు.

బెల్లం గురించి ఒక మాట. బెల్లంలో ఇనుము ఉందని దాన్ని మందులా చూస్తారు. పల్లీపట్టిలో పడే 15 గ్రాముల బెల్లం నుంచి వచ్చే ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. బెల్లం ప్రధానంగా చక్కెరే. రుచి కోసం కొద్దిగా వాడుకోవచ్చు. తిన్నాక నోరు పుక్కిలించాలి, ఎందుకంటే పాకం పళ్లకు అంటుకుంటుంది.

ఇష్టపడే రూపం

జొన్నరొట్టె అంటే చాలామంది పిల్లలు ముఖం తిప్పుకుంటారు. కారణం మొండితనం కాదు. గోధుమలో ఉండే గ్లూటెన్ (పిండిని సాగేలా చేసే ప్రొటీన్) జొన్నలో లేదు. అందుకే వేడినీళ్లు పోసి కలిపి, చేత్తో తట్టి చేస్తారు. పెనం మీంచి తీసినప్పుడు మెత్తగా ఉంటుంది. చల్లారేకొద్దీ అందులోని పిండిపదార్థం బిగుసుకుంటుంది. పొద్దున చేసిన రొట్టె సాయంత్రానికి పిల్లల పళ్లకు లొంగదు.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది, దాన్ని పూర్తిగా కరకరలాడేలా చేయడం. కలబురగి, యాద్గిర్ వైపు పల్చగా తట్టి, సన్నని సెగ మీద తేమంతా పోయేదాకా కాల్చే కడక్ రొట్టె ఉంది. సరిహద్దు ఇవతల కూడా అది తెలిసిన వంటే. డబ్బాలో పెడితే రోజుల తరబడి నిలవ ఉంటుంది. అప్పడంలా విరుచుకుని పల్లీపొడి అద్దుకుని, లేదా గట్టి పెరుగులో ముంచుకుని తినవచ్చు. ప్యాకెట్‌లో ఉన్న కరకర ఇందులోనూ ఉంది, సిద్ధంగా ఉండడమూ ఉంది. రెండో దారి మలీద. వేడి రొట్టెను నలిపి, కొద్దిగా బెల్లం, నెయ్యి కలిపి, నువ్వుల పొడి వేసి ముద్దలు చేస్తారు. బతుకమ్మ నాడే చేయాలన్న నియమం ఏమీ లేదు. సజ్జరొట్టెతో చేస్తే ఇనుము ఇంకా ఎక్కువ.

గుడాలు ఈ వేళకు అన్నిటికన్నా తగిన తిండి. బొబ్బర్లు, శెనగలు, పెసర్లు, కందులు ఏవైనా సరే. రాత్రి నానబెట్టి, మర్నాడు కుక్కర్‌లో ఉడికించాలి. ఆవాలు, జీలకర్ర, కరివేపాకు పోపు వేసి, పచ్చి ఉల్లిగడ్డ ముక్కలు చల్లి, దించాక నిమ్మకాయ పిండాలి. పిల్లలకు కారం తగ్గించి పులుపు పెంచితే నచ్చుతుంది. 40 గ్రాముల పొడి బొబ్బర్ల నుంచి దాదాపు 8 గ్రాముల ప్రొటీన్ వస్తుంది. చలికాలంలో అనపకాయలు వస్తాయి. వాటిని కాయలతోనే ఉడికించి పిల్లల ముందు పెడితే చాలు. కాయ చీల్చి గింజ తీసుకోవడం వాళ్లకు ఆట. చేతికి పని ఉన్న తిండిని పిల్లలు నిదానంగా, ఎక్కువసేపు తింటారు.

జొన్న పేలాలు మరో మంచి చిరుతిండి. మక్క పేలాల్లాగే మూకుడులో వేయిస్తే పూస్తాయి. గింజ మొత్తం తిన్నట్టే కాబట్టి పీచు పోదు. కొంచెం నూనె, ఉప్పు, పసుపు చాలు. బొరుగుల ఉగ్గాని కూడా చేయవచ్చు. బొరుగుల్లో పోషకాలు తక్కువ. కాబట్టి పుట్నాల పొడి, వేయించిన పల్లీలు, టమాట, ఉల్లిగడ్డ బాగా పడాలి. వాటితోనే దానికి బలం. సర్వపిండి (బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి గిన్నెకు ఒత్తి కాల్చే చెక్క) చేసేటప్పుడు సగం జొన్నపిండి, గుప్పెడు మునగాకు కలిపితే రుచి చెడదు. నూనెలో దేవే పకోడికి బదులు ఇది మంచిది.

పండ్ల విషయానికి వస్తే దూరపు ఆపిల్ కోసం ఖర్చు పెట్టనక్కర్లేదు. జామకాయలో సి విటమిన్ కమలాపండులో ఉన్నదానికి నాలుగు రెట్ల పైన ఉంటుంది. వానాకాలం చివర పాలమూరు (మహబూబ్‌నగర్) గుట్టల మీద సీతాఫలాలు వస్తాయి. బాలానగర్ పేరుతో దేశమంతా సాగుచేసే సీతాఫలం రకం ఈ పాలమూరుదే. చలికాలంలో రేగిపండ్లు, ఎండాకాలంలో మామిడి. అరటిపండు ఏడాదంతా దొరుకుతుంది.

ఇనుము ఒంటికి పట్టాలంటే

తిన్న ఇనుమంతా రక్తంలో చేరదు. గింజలు, ఆకుల్లోని ఇనుములో కొద్ది భాగాన్నే పేగు పీల్చుకుంటుంది. గింజల్లో ఫైటేట్ (మొలకకు భాస్వరం దాచిపెట్టే పదార్థం) ఉంటుంది. అది ఇనుమును పట్టుకుని వదలదు. నానబెట్టడం, మొలకెత్తించడం, అంబలిలా పులియబెట్టడం వల్ల ఫైటేట్ తగ్గుతుంది. పాత వంటల్లో నానబెట్టే పని ఎందుకంత ఉందో దీనివల్ల అర్థమవుతుంది.

సి విటమిన్ ఇందుకు ఎదురు పని చేస్తుంది. ఇనుమును పేగు తేలిగ్గా పీల్చుకునే రూపంలోకి మారుస్తుంది. అయితే వేడికి అది చెడిపోతుంది. అందుకే నిమ్మరసాన్ని పొయ్యి మీద ఉండగా కాకుండా దించాక పిండాలి. గుడాలు తిన్నాక సగం జామకాయ తిన్నా అదే ఫలితం.

చాయ దీన్ని చెడగొడుతుంది. తేయాకులోని టానిన్లు (వగరు రుచినిచ్చే పదార్థాలు) ఇనుముతో కలిసి దాన్ని పీల్చుకోకుండా అడ్డుకుంటాయి. పిల్లలకు చాయ ఇవ్వకపోవడమే మేలు. మానలేని ఇంట్లో కనీసం తిండికి, చాయకు మధ్య ఒక గంట ఎడం ఉండాలి.

ఇష్టం ఎలా పుడుతుంది?

కొత్త తిండిని చూసి వెనక్కి తగ్గడం రెండు నుంచి ఆరేళ్ల పిల్లల్లో సహజం. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లియాన్ బర్చ్ 1980ల్లో దీని మీద చాలా ప్రయోగాలు చేశారు. కొత్త తిండిని చిన్న మోతాదులో మళ్లీ మళ్లీ రుచి చూపిస్తే పిల్లల్లో ఇష్టం మెల్లగా పెరుగుతుందని తేలింది. చాలాసార్లు ఇందుకు ఎనిమిది, పది సార్లు పడుతుంది. మనం రెండుసార్లు పెట్టి, వద్దంటే మా పిల్లవాడికి పడదని తేల్చేస్తాం.

ఆమె చూపిన రెండో విషయం మరీ ముఖ్యం. ఇది తింటే అది ఇస్తానని ఆశ చూపితే, తినమన్నదాని మీద ఇష్టం తగ్గుతుంది, బహుమతిగా ఇచ్చినదాని మీద పెరుగుతుంది. గుడాలు తింటే చాక్లెట్ ఇస్తానంటే, గుడాలు ఒక శిక్ష అని మనమే నేర్పినట్టు. బలవంతంగా నోట్లో కుక్కడమూ అంతే.

మరి ఏం చేయాలి? ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది పెద్దలు నిర్ణయించాలి. ఎంత తినాలన్నది పిల్లలకు వదిలేయాలి. ఏం కావాలని అడిగితే ప్యాకెట్ అంటారు. శెనగ గుడాలా, పల్లీపట్టీనా అని అడిగితే రెండింటిలో ఒకటి ఎంచుకుంటారు. ఎంపిక వాళ్లదే, జాబితా మాత్రం మనది. పల్లీలు వలవడం, నిమ్మకాయ పిండడం, ముద్దలు చుట్టడం వాళ్లకు అప్పగిస్తే తాము చేసినదాన్ని తాము తినకుండా ఉండరు. పక్కింటి పిల్లలతో కలిపి కూర్చోబెడితే ఇంకా మంచిది. ఇంట్లో పెద్దలు ముందు తినాలి. అమ్మానాన్నలు ముట్టని తిండిని పిల్లలు మంచిదని నమ్మరు.

చిరుధాన్యాలు పిల్లలు తినరన్న మాటను పరీక్షించిన అధ్యయనం ఒకటుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, అక్షయపాత్ర సంస్థ కలిసి బెంగళూరు శివార్లలోని బడుల్లో 11 నుంచి 14 ఏళ్ల 1,500 మంది పిల్లలతో దీన్ని చేశాయి. ఫలితాలు 2019లో వచ్చాయి. మూడు నెలలు అన్నం బదులు రాగి ఇడ్లీ, సామ-సజ్జ బిసిబేళే బాత్, ఉప్మా, కిచిడి వంటివి పెట్టారు. ఐదుకు ఎన్ని మార్కులని అడిగితే ప్రతి వంటకూ పిల్లలు నాలుగున్నర లేదా అంతకన్నా ఎక్కువ వేశారు. మామూలు భోజనం తిన్న పిల్లలతో పోలిస్తే వాళ్ల ఎదుగుదల 50 శాతం వేగంగా ఉంది. ఈ ఘనత ధాన్యానిదే అనుకోకూడదు. ఆ వంటల్లో పప్పు, కూరగాయలు కూడా ఉన్నాయి. కానీ ఒక విషయం తేలింది. చిరుధాన్యాలనూ ఇడ్లీగా, బిసిబేళే బాత్‌గా పెడితే పిల్లలు ఇష్టంగా తింటారు.

శుభ్రత లేకపోతే అన్నీ వృథా

2024 నవంబర్‌లో నారాయణపేట జిల్లాలోని మాగనూరు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లలు పదుల సంఖ్యలో అస్వస్థులయ్యారు. వారం తిరగకముందే మళ్లీ అలాగే జరిగింది. విషయం హైకోర్టు దాకా వెళ్లింది. ఇలాంటి ఘటన నష్టం ఆస్పత్రితో ముగియదు. పిల్లలు బడి అన్నాన్ని అనుమానంగా చూస్తారు, తినడం తగ్గిస్తారు. ఆ మేరకు సాయంత్రం ఆకలి పెరుగుతుంది, ప్యాకెట్ అమ్మకం పెరుగుతుంది.

వండిన తిండి ఎందుకు చెడుతుందో ఇంట్లోనూ తెలిసి ఉండాలి. బియ్యంలో ఉండే కొన్ని సూక్ష్మజీవుల బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విషం తయారు చేస్తాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పూర్తిగా పోదు. ఉడికించిన గుడాలకూ ఇదే జాగ్రత్త. వేడిగా ఉన్నప్పుడే తినాలి, లేదా త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. పొద్దున ఉడికించి సాయంత్రం దాకా గిన్నెలో వదిలేయకూడదు. ఫ్రిజ్ లేని ఇంట్లో పొద్దున ఉడికించే పని పెట్టుకోవద్దు. నానిన గింజల నీళ్లు వంపేసి తడి గుడ్డలో మూటకట్టి ఉంచాలి. సాయంత్రం కుక్కర్‌లో పెట్టినా త్వరగానే ఉడుకుతాయి.

పల్లీలకు వేరే ముప్పు ఉంది. తడి తగిలిన పల్లీలకు బూజు పడితే అఫ్లాటాక్సిన్ (కాలేయాన్ని దెబ్బతీసే బూజు విషం) తయారవుతుంది. వేయించినా అది పూర్తిగా పోదు. రంగు మారినవి, ముడుచుకున్నవి, చేదుగా ఉన్నవి ఏరి పారేయాలి. నాలుగైదేళ్లలోపు పిల్లలకు పల్లీలు గింజలుగా ఇవ్వకూడదు. గొంతులో అడ్డం పడతాయి. పొడి చేసి పెట్టాలి.

ఎవరు చేయాలి, ఎప్పుడు?

ఇన్ని చెప్పాక మిగిలే ప్రశ్న ఇదే. నాలుగున్నరకు అమ్మ పొలంలోనో మగ్గం మీదో ఉంటుంది. నాన్న ఊళ్లో లేడు. అవ్వకు పొయ్యి దగ్గర కూర్చునే ఓపిక లేదు. చేతిలో పెట్టడానికి ఐదు రూపాయలు ఉంటాయి. ప్యాకెట్ గెలిచేది ఇక్కడ. కాబట్టి వారంలో సగం రోజులు వంట అక్కర్లేని తిండి, సగం రోజులు వండే తిండి అని పంచుకోవాలి. ఆదివారం ఒక్క పూట కూర్చుంటే కడక్ రొట్టెలు, పల్లీపట్టి, నువ్వుల ముద్దలు, పల్లీపొడి వారానికి సరిపడా తయారవుతాయి. వాటిని పిల్లలకు అందే ఎత్తులో, మూత ఉన్న డబ్బాలో పెట్టాలి. మిగిలిన రెండు మూడు రోజులు గుడాలు, ఉగ్గాని, ఉడికించిన గుడ్డు.

బడి చేయగలిగింది కూడా ఉంది. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో తెచ్చిన నిబంధనల ప్రకారం కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న తిండిని బడి ఆవరణలోనూ, గేటుకు 50 మీటర్ల లోపునా అమ్మకూడదు. కొట్టు మూయించడం కన్నా, అదే కొట్టులో ఊరి మహిళా సంఘం చేసిన పల్లీపట్టి, జొన్న పేలాలు పెట్టించడం తేలిక. కొట్టువాడికి బేరం పోదు, పిల్లల ఎంపిక పోదు.

ఫలితం తెలియడానికి కొంత కాలం పడుతుంది. ఆరు నెలలకోసారి ఎత్తు, బరువు రాసుకోవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ చూపించుకోవాలి. ఐదు నుంచి పదకొండేళ్ల వాళ్లకు అది 11.5 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. అప్పుడు తిండి ఒక్కటే చాలదు, వైద్యుల సలహాతో మందు వాడాలి. బడిలో వారం వారం ఇచ్చే ఇనుము మాత్ర, ఏడాదికి రెండుసార్లు ఇచ్చే నులిపురుగుల మాత్ర రక్తహీనత లేని పిల్లలకూ వేయించాలి. కడుపులో పురుగులు ఉన్నంతకాలం పెట్టిన తిండిలో కొంత వాటికే పోతుంది.

ఒకేసారి అన్నీ మార్చనక్కర్లేదు. రెండు వంటలు ఎంచుకుని పదిసార్లు పెట్టి చూస్తే చాలు. వాటిలో ఒకటి గుడాలైతే, పని మొదలుపెట్టాల్సింది పిల్లలు ఆకలితో వచ్చాక కాదు. ముందురోజు రాత్రి గిన్నెలు కడిగేటప్పుడు ఒక గ్లాసు బొబ్బర్లు నీళ్లలో పోయాలి.